నలుగురన్నల గుడి

తాళంచెవి నా కొంగుకే ఉంటాది.
తాళం వేసేంత సొత్తు లోపలేం లేదు.
రెండు కొవ్వొత్తి స్టాండ్లు, ఒక చాప,
చెదలు కొరికిన పాటల పుస్తకం.
మేకలు దూరకుండా వేస్తాను, అంతే.

బేతంచెర్ల రోడ్డు దిగి
పాలీషు ఫ్యాక్టరీల తెల్ల బురద దాటినాక
వదిలేసిన గని అంచున ఉంటాది మా గుడి.
గోడలు నాపరాయి, కప్పు నాపరాయి,
కింద పరిచిందీ
లారీ ఎక్కని, అంచు పగిలిన బండలే.
కూలి లేని ఆదివారాల్లో
మా మగోళ్లు పేర్చుకున్నది.
గంట లేదు.
అరిగిన డ్రిల్లు రాడ్డు వేలాడదీసి సుత్తితో కొడతాం.
గనిలో విన్న చప్పుడే.
కాకపోతే ఆ దెబ్బలకు ఎవరూ లెక్క రాయరు.

లోపల పెద్ద బండ మీద నలుగురు వేదసాక్షులు,
రోమాపురి కాలపు రాతిపనోళ్లు.
నంద్యాల మౌలాలి గీసినాడు,
అంతకుముందు లారీల వెనక నెమళ్లు,
గోడల మీద ఎలక్షన్ గుర్తులు రాసినోడు.
తలగుడ్డలు చుట్టినాడు, మీసాలు పెట్టినాడు.
కొత్త ఫాదరు మోటార్‌సైకిల్ దిగి చూసి
"రోమా వాళ్లకు ఇన్ని మీసాలుండవమ్మా" అంటే
మా అత్త శౌరమ్మ
"రాయి కొట్టేటోడికి గీసుకునే తీరిక యాడిది సామీ" అనింది.

పేర్లు మా నోళ్లకు తిరగవు.
కస్తోరియుస్‌ను కస్తూరన్న చేసుకున్నాం,
క్లౌదియుస్‌ను క్లౌదన్న.
మిగతా ఇద్దరూ పెద్దన్న, చిన్నన్న.
ఒక పుస్తకంలో నలుగురంట, ఇంకోదాంట్లో ఐదుగురంట.
మాకేం తగాదా లేదు.
గని మస్టర్లో మాత్రం లెక్క ఎప్పుడు సరిగ్గా ఉండింది?

నవంబరు పండగకు పిల్లోళ్లను కూర్చోబెట్టి కథ చెప్తాం.
చక్రవర్తి అడిగితే స్తంభాలు చెక్కినారు,
సింహాలు చెక్కినారు, నీళ్లు చిమ్మే తొట్లు చెక్కినారు,
ఒక్క బొమ్మ దగ్గర ఉలి కింద పెట్టినారు.
బెదిరించినా మళ్లీ ఎత్తలేదు.
బతికుండగానే సీసం పెట్టెల్లో పెట్టి
మూతలు బిగించి ఏట్లో తోసినారు.

పోయినేడు రాయప్ప కూతురు, ఆరేండ్లది, అడిగింది:
"లోపల ఊపిరి ఎంతసేపు ఉండింది పెద్దమ్మా?"
ఆడోళ్లం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం.
ఆ లెక్క మాకు తెలుసు.
మా ఇన్నాసికి పదకొండు నెలలు.
దేవదానానికి రెండేండ్లు, కూర్చునే నిద్రపోయేటోడు.
మద్దిలేటి మా మతం కాదు,
ఒక ఎండాకాలం కూడా పట్టలేదు వానికి.

మావాళ్లను ఏ చక్రవర్తీ పిలవలేదు.
వాళ్లు దేన్నీ కాదనలేదు,
అడుగుకింతని చెప్పిన ప్రతి బండా కోసినారు.
మరి వీళ్లనేమంటారు సామీ అని అడిగితే
ఫాదరు హెల్మెట్ తుడుచుకుంటా నిలబడినాడు.

గుడికి ఆరు కిటికీ కంతలు.
అద్దాలకు చందా చాల్లేదు.
జల్లు ఎక్కువ కొట్టిన ఏడు
మా అత్త ట్రంకుపెట్టె అడుగునుంచి
మా మామ ఎక్స్‌రే తీసుకొచ్చి
కంతకు అడ్డం పెట్టి అంచులకు సిమెంటు పూసింది.
తర్వాత నేను తెచ్చినా.
తర్వాత దేవదానం పెండ్లాం, రాయప్ప తల్లి.
మద్దిలేటి వాళ్లమ్మ సుంకులమ్మ గుడికి పోయొచ్చి
ఆ చేత్తోనే తెచ్చిచ్చింది.
ఫిల్ము మూలకు కుంకుమ అంటింది.
ఎవరమూ తుడవలేదు.

ఇప్పుడు పొద్దున ఏడుకు ఎండ
పక్కటెముకల్లోంచి వడగట్టుకొని వస్తాది,
నీలంగా.
అన్నల మీసాల మీద పడతాది,
మోకరించినోళ్ల మోచేతుల మీద పడతాది.
ఆ నీలంలో అక్కడక్కడా వెలుతురు చుక్కలు.
పెద్దాసుపత్రి డాక్టరు పెన్నుతో చూపించినాడే,
అవే.

ఐదు నిండినాయి.
ఆరో కంత ఖాళీ.
మా చిన్నోడు మూతికి గుడ్డ కట్టుకొని
ఫ్యాక్టరీ పనికి ఈ దారినే పోతాడు,
కంతలో తలపెట్టి "తాళం మర్చిపోవద్దుమా" అంటాడు.
వానలు పడకముందే
అట్టతో మూయిస్తానన్నాడు ఫాదరు.
వద్దు సామీ అన్నాను.
తడిస్తే తడవనీ.
గాలి రావాల కదా.